పదో మనిషి కిటికీ

బులోర్‌కి ప్రశ్నలడగడం ఒక జబ్బు. బుఖారా పాత మహల్లాలో, యూదుల సందులో, ఆ సంగతి తెలియని ఇల్లు లేదు. ఆమె బొంతలు కుడుతుంది. పత్తి ఏకి, పరిచి, పైన పువ్వుల గుడ్డ కప్పి, పెద్ద సూదితో కుట్టుకుంటూ తన గుమ్మంలో కూర్చుంటుంది. చేతులకి పని ఉంటుంది గానీ నోరు ఖాళీ. నాలుగు ముక్కలు చదువుకున్న మనిషి ఎవరైనా సరే, ఒక ప్రశ్నకి జవాబు చెప్పకుండా ఆ గుమ్మం దాటిపోలేడు.

ఎక్కువగా చిక్కేది ముల్లో పిన్హస్. ప్రార్థనాలయంలో చదివేదీ ఆయనే, పెళ్లిళ్లు చేసేదీ ఆయనే, శుక్రవారం కోళ్లు కోసిపెట్టేదీ ఆయనే. పాపం, ఆయన ఇంటికి ఆ సందు తప్ప వేరే దారి లేదు.

"ముల్లోగారూ, పదిమంది మగవాళ్లు చేరందే నలుగురి ప్రార్థన మొదలెట్టకూడదు కదా. అందులో ఒకడు నిద్రపోతున్నాడనుకోండి. లెక్కకొస్తాడా?"

"వస్తాడు."

"గురక పెడితే?"

"గురక పెట్టినా వస్తాడమ్మా. మిగతావాళ్లు మేలుకునుంటే చాలు."

"మరి చెవుడున్నవాడు?"

"నోట మాటొస్తే వస్తాడు."

"మేలుకుని, అన్నీ వినపడుతూ, ప్రార్థనంతా కంఠతా వచ్చిన నేను?"

"నువ్వు రావు."

"ఎందుకనీ?"

"అలాగే రాసుంది. నా టీ చల్లారిపోతోంది తల్లీ, నన్ను పోనీ."

ఆమెకి కోపమొచ్చి అడిగేది కాదు. నిజంగానే తెలుసుకోవాలని ఉండేది. తొమ్మిదిమంది దగ్గర లేనిది పదో మనిషి గుమ్మంలో అడుగు పెట్టగానే ఎక్కణ్ణించి ఊడిపడుతుంది? ఆ పదోవాడు సందులోకెల్లా సోమరిపోతైనా సరే, వాడు రాగానే గోడలకి చెవులొచ్చినట్టు అందరూ సర్దుకుని నిలబడతారు. చనిపోయినవాళ్ల పేరున నిలబడి చేసే దేవుడి స్తుతి, కడ్డిష్, అప్పుడు గానీ నోటికి రాకూడదు. ఆ పదోవాడిలో ఏముందో చూద్దామని ఆమె చిన్నప్పటినుంచీ ఆడవాళ్ల తెర వెనక నిలబడి మెడలు నొప్పెట్టేలా చూసేది. ఏమీ కనపడేది కాదు. తుమ్ముతూనో, జోడు విప్పుతూనో మామూలు మనిషే కనపడేవాడు.

ఇలాంటి పిల్లని తీసుకెళ్లి ప్రార్థనాలయం పనులు చూసే నిసోన్‌కి కట్టబెట్టారు. దీపాలు వెలిగించడం, నేల తుడిపించడం, పుస్తకాలు సర్దడం అతని పని. అన్నిటికన్నా ముఖ్యమైన పని మనుషుల్ని లెక్కపెట్టడం. ఆ లెక్క కూడా సూటిగా ఉండదు. మనుషుల్ని ఒకటీ రెండూ అని లెక్కించకూడదు. దిష్టి అని కొందరంటారు, పాపమని కొందరంటారు. అందుకని మావాళ్లకి పది మాటలున్న ఒక పవిత్ర వాక్యం ఉంది. ఒక్కో మాటా పలుకుతూ ఒక్కో మనిషి వైపు వేలు చూపిస్తారు. ఆఖరి మాటకి కూడా ఒక మనిషి దొరికితే పదిమంది ఉన్నట్టే. దొరక్కపోతే ఆ మాట నోట్లోనే ఉండిపోతుంది, ఎవరో ఒకరు వచ్చేదాకా.

నిసోన్ ఆ వాక్యం చెప్పే తీరే వేరు. తొమ్మిది మాటలూ గబగబా చెప్పేసి, ఆఖరి మాట దగ్గర ఆగి, గొంతు సవరించుకుని, బరువుగా పలికేవాడు. ఆ వేలు తన మీదకి వస్తే పెద్దపెద్దవాళ్లు కూడా టోపీ సర్దుకునేవారు. బులోర్‌కి మొగుడంటే ఇష్టం, ఆ వేలంటే కాస్త నవ్వు. పొద్దున్నే తలుపులు తట్టి ఆ వేలి కిందకి మనుషుల్ని తోలుకొచ్చేది మాత్రం ఆమే. లెక్కలోకి రాని మనిషే లెక్కంతా కూడగట్టేది. ఆ మాట ఆమె నవ్వుతూ అనేది, నిసోన్ వినపడనట్టు ఊరుకునేవాడు.

నిసోన్‌కి ఒక తమ్ముడు, హిజ్కియో. ఇద్దరిదీ ఒకే ఇల్లు. కింద నిసోన్, పైన మేడగదిలో హిజ్కియో. పెళ్లి చేసుకోలేదు. ఆ మేడగది కిటికీ సరిగ్గా ప్రార్థనాలయం వాకిట్లోకి తెరుచుకునేది. ఎండాకాలమంతా ప్రార్థన ఆ వాకిట్లోనే, ద్రాక్షపందిరి కింద. హిజ్కియో బస్సు డ్రైవరు. సోవియట్ రోజులు అవి. డిపోలో శనివారం డ్యూటీ వేస్తే శనివారమే తోలాలి, విశ్రాంతి దినమని వంక పెడితే మర్నాటినుంచి ఉద్యోగం ఉండదు. అతను తోలాడు. తోలినవాడు తోలినట్టుండక, ఒక శనివారం సందు మొగలో బస్సాపి, వదిన కోసమని సరదాగా హారన్ మోగించాడు. వాకిట్లో ప్రార్థన నడుస్తోంది. నిసోన్ మొహం ఎర్రబడింది.

ఆ వారంలోనే వాళ్ల నాన్న సంవత్సరీకం వచ్చింది. పత్తి ఏరే కాలం. ఊళ్లో మగవాళ్లని సగంమందిని లారీలెక్కించి పొలాలకి తీసుకుపోయారు, ముల్లో పిన్హస్‌ని కూడా. డ్యూటీకి పోతూ పోతూ నాన్న పేరున ప్రార్థన చేద్దామని హిజ్కియో యూనిఫారంలోనే వచ్చాడు. అతను పదోవాడు. నిసోన్ వేలు అందరి మీదుగా నడిచి, తొమ్మిది మాటలు చెప్పి, తమ్ముడి దాకా వచ్చింది. ఆగింది. గాల్లో లేచి, తమ్ముణ్ణి దాటి, గుమ్మం వైపు తిరిగింది. ఆఖరి మాట నోట్లోనే ఉంచుకుని, ఇంకొకరెవరైనా వస్తారని నిసోన్ గుమ్మంలోకి చూస్తూ నిలబడ్డాడు.

కాసేపటికి ఏ సందులోంచో యూదుడే అయిన ఒక మిఠాయివాడు వచ్చాడు. అతని మీద ఆ మాట పలికాడు నిసోన్. హిజ్కియో అప్పటికి గడప దాటి వెళ్లిపోయాడు. వెళ్తూ ఒకే ఒక్క మాటన్నాడు. "ఈ గడప మళ్లీ తొక్కితే నన్ను హిజ్కియో అని పిలవొద్దు."

ఆ సాయంత్రమే మేడమీద కిటికీ తలుపులు మూసుకున్నాయి. లోపలి నుంచి ఒక బొంత కూడా అడ్డం కట్టాడు. బులోర్ కుట్టిచ్చిన బొంతే.

ముల్లో పిన్హస్ పొలాల నుంచి తిరిగొచ్చి సంగతి విని తల పట్టుకున్నాడు. "తప్పు చేశావు నిసోన్. పొట్టకూటికి బస్సు తోలినవాడు మనవాడు కాకుండా పోడు. లెక్కకి రావాల్సిందే," అన్నాడు. క్షమించమని నిసోన్ తమ్ముడి దగ్గరికి వెళ్లలేదు. పెద్దవాడు కదా, మెట్లెక్కడానికి మోకాళ్లకన్నా ముందు మనసు మొరాయించింది. అన్నదమ్ములు ఒకే పొయ్యి మీద వండింది తిన్నారు, ఒకరితో ఒకరు మాట్లాడలేదు. మధ్యలో గిన్నెలు మోసింది బులోర్.

మోస్తూ మోస్తూ ఒకనాడు ఆమెకి ఇంకో ప్రశ్న పుట్టింది. ముల్లోగారిని గుమ్మంలో పట్టుకుంది.

"గోడకవతల నిలబడ్డ మనిషి లెక్కకొస్తాడా?"

"గోడ అడ్డంగా ఉంటే రాడు."

"ఆ గోడకి కిటికీ ఉంటే?"

"కిటికీలోంచి మొహం చూపిస్తే వస్తాడు."

"మేడమీద కిటికీ అయినా?"

ముల్లోగారు ఆమె వంక ఒక చూపు చూశాడు. "ఎంత ఎత్తయినా సరే. మొహం కనపడాలి, అంతే."

ఆ రాత్రి అన్నం దగ్గర ఆ మాట ఊరికే అన్నట్టు మొగుడి చెవిన వేసింది. "నీకెందుకివన్నీ," అని నిసోన్ లేచి చెయ్యి కడుక్కున్నాడు. మర్నాటి పొద్దున తెర వెనక నిలబడ్డ బులోర్ ఒకటి గమనించింది. తొమ్మిది మాటలయ్యాక, ఆఖరి మాట దగ్గర గొంతు సవరించుకునే ఆ కాస్త వ్యవధిలో, నిసోన్ తలెత్తి మేడమీద కిటికీ వైపు చూశాడు. ఆ తర్వాతే ఎదురుగా ఉన్న మనిషి మీద మాట పలికాడు. ఆ మర్నాడూ చూశాడు. ఇక వాకిట్లో ప్రార్థన జరిగినన్నాళ్లూ చూడని రోజు లేదు.

ఆమె అది ఎవరికీ చెప్పలేదు. మొగుడి పరువు మొగుడిది. ఇవాళ కాకపోతే రేపు ఆ కిటికీ దానంతటదే తెరుచుకుంటుందని అనుకుంది. రేపన్నవి చాలా గడిచిపోయాయి. సోవియట్‌లు పోయారు, డిపో పోయింది, సందులో సగం ఇళ్లకి తాళాలు పడ్డాయి. చివరికి నిసోన్ కూడా పోయాడు. హిజ్కియో అన్న పాడె మోశాడు, శ్మశానంలో మట్టి వేశాడు, ఇంటికొచ్చి మేడెక్కాడు. నిసోన్‌కి కొడుకుల్లేరు, పరాయి ఊళ్లలో ఇద్దరు కూతుళ్లున్నారంతే. కడ్డిష్ చెప్పాల్సినవాడు తమ్ముడే. అతను గడప తొక్కడు గనక ఏడాదంతా ముల్లోగారే ఆ బాధ్యత నెత్తినేసుకున్నాడు.

మొదటి సంవత్సరీకం వచ్చింది. బులోర్ ముందు రోజే కొత్తిమీర, కాలేయం ముక్కలు వేసి పచ్చన్నం వండడానికి అన్నీ తరిగి పెట్టుకుంది. ద్రాక్షపందిరి కింద కొత్త బొంతలు పరిచింది. పొద్దున్నే తలుపులు తట్టింది. అందరూ వచ్చారు, గడియారాలు బాగుచేసే గవ్రియేల్ తప్ప. సమర్‌కంద్‌లో కూతురికి నొప్పులొస్తున్నాయని కబురొస్తే రాత్రి బండికి వెళ్లిపోయాడట. పురిటికి పోయినవాణ్ణి ఏమని తిడతాం. అవతలి ప్రార్థనాలయానికి మనిషిని అడగడానికి వెళ్తే వాళ్లకీ అదే తంటా, పైగా వాళ్లే ఒకణ్ణి పంపమని అడిగారు.

తిరిగొచ్చి ఆమె వాకిట్లో నిలబడింది. అందరూ ఆమె వైపు చూశారు. తొమ్మిదిమంది. బతికినంతకాలం పదిమందిని పోగుచేసి లెక్కపెట్టినవాడు నిసోన్. అతని పేరు చెప్పుకునే రోజున పదిమంది లేరు. కూతుళ్ల పెళ్లిళ్లలో ఏడవని బులోర్, అప్పుడు ఏడుపొచ్చి తలగుడ్డ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది.

"ఇంకాసేపు చూద్దాం," అన్నాడు ముల్లోగారు.

"ఎంతసేపని? నేను కొట్టు తీయాలి," అన్నాడు మంగలి యూనోతన్. "ఇవాళ బుధవారం, సంతకి వచ్చేవాళ్లంతా గడ్డాలకొస్తారు."

బులోర్ కొంగు తీసి తలెత్తింది. మూసిన కిటికీ కనపడింది. "ముల్లోగారూ, అప్పుడొకసారి కిటికీ సంగతి చెప్పారు. ఇప్పటికీ చెల్లుతుందా?"

"ధర్మానికి పాతబడ్డం ఉండదమ్మా. చెల్లుతుంది. కానీ అతను తీస్తాడా?"

ఆమె మెట్లెక్కింది.

హిజ్కియో తలుపు తీసే ఉంది. మంచం మీద కూర్చుని పచ్చ టీ తాగుతున్నాడు. రొట్టె ముట్టలేదు.

"ఇవాళేం రోజో తెలుసా మరిదీ?"

"తెలుసు వదినా. తెలిసే ఆకలి పుట్టలేదు."

"ఒక మనిషి తక్కువయ్యాడు."

"వినపడింది. బొంత కట్టింది కిటికీకి, నా చెవులకి కాదు."

"నువ్వు మెట్లు దిగక్కర్లేదు. గడప తొక్కక్కర్లేదు. ఆ కిటికీ తీసి మొహం చూపిస్తే చాలు. నీ ఒట్టు నీకుంటుంది."

"ఓహో. బస్సు తోలినప్పటి మొహం పనికిరాలేదు, ఈ ముడతల మొహం పనికొచ్చిందా?"

"వచ్చింది. వేరే మొహాలు దొరకలేదు మరి."

హిజ్కియోకి నవ్వాగలేదు. నవ్వి, నవ్వినందుకు తనమీద తనకే కోపమొచ్చినట్టు గిన్నె కింద పెట్టాడు. "మనుషులున్నప్పుడు నన్ను తీసి పక్కనపెట్టారు. మనుషులు కరువయ్యాక పిలుస్తున్నారు. స్పేర్ టైరునా నేను?"

బులోర్ అతనికెదురుగా నేలమీద కూర్చుంది. ఇన్నాళ్లూ కడుపులో దాచుకున్న సంగతి చెప్పేసింది. ముల్లోగారిని కిటికీ గురించి అడగడం, ఆ మాట అన్నం దగ్గర అనడం, మర్నాటి నుంచి నిసోన్ ఆఖరి మాట ముందు తలెత్తి ఇటు చూడటం, చూసి, ఆగి, తర్వాతే ఇంకొకడి మీద ఆ మాట పలకడం.

"అబద్ధం."

"నా ప్రశ్నలు ఎన్ని విన్నావో లెక్కలేదు. నా అబద్ధం ఒక్కటైనా విన్నావా?"

"నీకెలా తెలుసు? నువ్వు తెర వెనక కదా ఉంటావు."

"అందుకే తెలుసు. మీరంతా గోడ వైపు తిరిగి నిలబడతారు. మేము మీ వైపు తిరిగి నిలబడతాం. మీరేం చేస్తున్నారో మాకే కనపడేది."

హిజ్కియో కిటికీకి కట్టిన బొంత వైపు చూస్తూ కూర్చున్నాడు. రంగు వెలిసి, అంచుల్లో పత్తి బయటికి వచ్చింది.

"ముందే చెప్పుంటే..." అన్నాడు.

"చెప్పాల్సింది. తీస్తావేమోనని నేనూ చూశాను, ఆయనా చూశాడు. తెలివితక్కువతనం ఇంట్లో అందరికీ సమానంగా పంచాడు దేవుడు."

"చూశాడు సరే వదినా. నోరు తెరిచి అనలేదు కదా. అందరి ముందూ నా దాకా వచ్చిన మాట మింగేశాడు. అది అందరి ముందే బయటికి రావాలి. నా చెవులతో వినాలి. అప్పుడు తీస్తాను."

"అనాల్సిన మనిషి మట్టిలో ఉన్నాడయ్యా."

"నాకు చెప్తావేంటి. మోసినవాణ్ణి."

ఆమె మోకాళ్ల మీద చేతులానించి లేచి, కిందకి దిగింది. ముల్లోగారికి ఉన్నదున్నట్టు చెప్పింది. ఆయన గడ్డం నిమురుకుని వాకిలి మధ్యలో నిలబడ్డాడు. నిసోన్ పోయాక లెక్క పెట్టేది ఆయనే. వేలెత్తి తనతో మొదలుపెట్టి, ఒక్కో మాటా పలుకుతూ అందరి మీదుగా తిప్పాడు. తొమ్మిదో మాట యూనోతన్ మీద పడింది. ముల్లోగారి వేలు గాల్లోకి లేచి మూసిన కిటికీ దగ్గర ఆగింది.

"హిజ్కియో, తీయి నాయనా."

"ముందు మాట చెప్పండి," కిటికీ వెనకనుంచి వినపడింది.

"మొహం కనపడందే ఎలా లెక్కపెడతాను?"

"లెక్కపెట్టందే మొహమెలా చూపిస్తాను? ఒకసారి చూపించాగా, ఏమైంది?"

"వీళ్ల పట్టుదలలు తెగేసరికి నా కొట్టుకొచ్చే గడ్డాలు మోకాళ్ల దాకా పెరుగుతాయి," అన్నాడు యూనోతన్.

ముల్లోగారి చెయ్యి నొప్పెట్టసాగింది. ధర్మం ప్రకారం ఆయనది న్యాయమే, మనిషిగా చూస్తే హిజ్కియోది న్యాయమే. రెండు న్యాయాల మధ్యా ఆ ఒక్క మాట ఇరుక్కుపోయింది. దించలేక, పలకలేక ఆయన బులోర్ వైపు చూశాడు.

బులోర్ తెర పక్కన నిలబడి ఉంది. ఆమె మొహంలో అందరికీ తెలిసిన ఆ చూపు కనపడింది. ప్రశ్న అడగబోయే ముందు కనపడే చూపు.

"ముల్లోగారూ, ఒకటడగనా?"

"ఇప్పుడా తల్లీ?"

"ఇప్పుడే. లెక్కలోకి వచ్చేవాళ్లెవరో రాసుంది. లెక్క పెట్టేవాళ్లు ఎవరై ఉండాలో రాసుందా?"

ముల్లోగారు తనకి తెలిసిన పుస్తకాలన్నీ మనసులో తిరగేసినట్టు కళ్లు మూసుకున్నాడు. చాలాకాలం తర్వాత ఆమె ప్రశ్న విని ఆయనకి ముచ్చటేసింది.

"లేదు," అన్నాడు. "ఎక్కడా రాసి లేదు."

"అయితే మా ఇంట్లో బాకీ ఉండిపోయిన మాట, మా ఇంటి మనిషే చెప్తుంది."

ఆమె తెర దాటి వాకిట్లోకి వచ్చింది. సూది గుచ్చుకుని గుచ్చుకుని గట్టిపడ్డ కుడిచేతి వేలెత్తి కిటికీ వైపు చూపించింది. నిసోన్ సవరించుకున్నట్టే గొంతు సవరించుకుంది. తర్వాత ఆ ఆఖరి మాట, నిసోన్ పలికినంత బరువుగా, సందంతా వినపడేలా పలికింది.

లోపల బొంత తాళ్లు తెగిన చప్పుడైంది. తుప్పు పట్టిన గడియ కాసేపు మొరాయించింది. కిటికీ తలుపులు తెరుచుకుని, దుమ్ము ద్రాక్షాకుల మీద రాలింది. హిజ్కియో మొహం బయటికి వచ్చింది. సంతలో, సందులో రోజూ చూసే మొహమే అది. కానీ అక్కడ, ఆ ఎత్తులో, తడిసిన కళ్లతో చూసేసరికి, వయసొచ్చాక అన్న పోలికలన్నీ అతనిలో దిగాయని అందరికీ ఒకేసారి తెలిసింది. బులోర్ పందిరి గుంజ పట్టుకుని నిలబడింది. ఎన్నేళ్లుగానో నిసోన్ చూసిన కిటికీలోంచి నిసోనే తిరిగి చూస్తున్నట్టనిపించింది.

ముల్లోగారు చెయ్యి దించి ప్రార్థన మొదలుపెట్టాడు. కడ్డిష్ దగ్గరికి వచ్చేసరికి ఆయన ఊరుకుని పైకి చూశాడు. హిజ్కియో మొదలుపెట్టాడు. రెండు మాటలు చెప్పి మరిచిపోయాడు. కిందనుంచి యూనోతన్ అందించాడు. మళ్లీ మరిచిపోతే ముల్లోగారు అందించాడు. అలా కింద నుంచి మాటలు పైకి పోతూ, పైనుంచి కిందకి వస్తూ నిసోన్ పేరున స్తుతి పూర్తయింది. చివర్లో అందరూ ఆమేన్ అంటే, అందరికన్నా గట్టిగా అన్నది బులోర్.

యూనోతన్ కొట్టు మాట మరిచిపోయి పచ్చన్నం రెండోసారి పెట్టించుకున్నాడు. మేడమీదకి వెళ్లాల్సిన గిన్నె నింపి, మూత పెట్టి, బులోర్ కిటికీ కింద నిలబడింది. పైనున్నవాడు ఇంకా కదల్లేదు.

"రేపు ఎన్నింటికి మొదలెడతారు వదినా?"

"తెల్లారగానే."

"గవ్రియేల్ రేపు వస్తాడా?"

"రాడనుకుంటా. మనవడో మనవరాలో, చూసి గానీ రాడు."

హిజ్కియో కిటికీ తలుపు ఇంకాస్త బార్లా తోశాడు. "కిందకి మాత్రం రాను. ఒట్టు ఒట్టే."

"ఎవరు రమ్మన్నారు?" అంది బులోర్. "మొహం కడుక్కుని కిటికీ దగ్గర కూర్చో, చాలు."